సముద్రపు ఆవుల లెక్క చేపలు పట్టెటోళ్లకే ఎరుక

సముద్రంల ఆవులుంటయంటే మన ఊర్లల్ల నవ్వుతరు. కానీ ఉన్నయి. వాటిని డుగాంగ్‌లు అంటరు. తమిళోళ్లు కడల్ పసు అంటరు, అంటే సముద్రపు ఆవు అన్నట్టు. ఇది చేప గాదు. మనలెక్కనే గాలి పీల్చి, పిల్లకు పాలిచ్చే జీవి. సముద్రం అడుగున పెరిగే గడ్డే దీని మేత. చుట్టరికంల ఏనుగుకు దగ్గర. మానటీలు దీని అక్కచెల్లెండ్లే, అవి అమెరికా ఖండాల దిక్కు, పశ్చిమ ఆఫ్రికా దిక్కు ఉంటయి. మన దేశంల డుగాంగ్‌లు తమిళనాడు తీరంల, గుజరాత్ కచ్ దిక్కు, అండమాన్ నికోబార్ దీవులల్ల మాత్రమే మిగిలినయి.

సముద్రం లేని తెలంగాణల ఉన్నోళ్లకు గీ ముచ్చట ఎందుకు అంటరేమో. గీ జీవిని కాపాడనీకి పెద్ద పెద్ద సైంటిస్టులు చివరికి ఎవల దగ్గరికి పోయిన్రో తెలిస్తే, ఊరోళ్ల ఎరుకకు ఎంత విలువుందో సమజైతది. గందుకే చెప్తున్న.

ముందుగాల కష్టమేందో చూద్దాం. బర్రె ఏడాదికో, ఏడాదిన్నరకో ఈనుతది. డుగాంగ్ 13 నుంచి 15 నెలలు కడుపుతోని ఉంటది, ఈనితే ఒక్కటే పిల్ల. ఒక ఈతకు, ఇంకో ఈతకు నడుమ మూడు నుంచి ఏడేండ్లు పడుతది. వలల చిక్కితే పైకొచ్చి గాలి పీల్చలేక సస్తది. అట్ల ఏడాదికి కొన్ని పోయినా మంద మళ్ల కోలుకోదు.

మరి ఎన్ని ఉన్నయో లెక్కవెట్టుడు ఎట్ల? నీళ్లపైకి కొన్ని సెకండ్లే వస్తది, మళ్ల మునుగుతది. ఆస్ట్రేలియాల వేలల్ల ఉన్నయి కాబట్టి విమానంల తిరిగి లెక్కవెడుతరు. కొన్నే మిగిలిన తావుల విమానం తిప్పితే పైసలు పోతయి గానీ లెక్క తేలదు. పైంగ ఇది 40 దాకా దేశాల సముద్రాలల్ల ఉన్నది. దానికి పాస్‌పోర్టు లేదు, సరిహద్దు తెల్వదు. ఒక్క దేశం సైన్సుతోని అయ్యే పని గాదిది.

గందుకే 2007ల అబుదాబిల కొన్ని దేశాలు కలిసి డుగాంగ్‌ల కోసం ఒక ఒప్పందం చేసుకున్నయి. 2008ల మన దేశం గూడ సంతకం పెట్టింది. ఆ ఒప్పందం కింద సైంటిస్టులు చేసిన మంచి పని ఏందంటే, అన్ని దేశాలకు పనికొచ్చే ఒక్కటే ప్రశ్నల పత్రం తయారు చేసుడు. దాన్ని పట్టుకొని చేపలు పట్టెటోళ్ల దగ్గరికి పోయిన్రు. డుగాంగ్‌ను చూసినవా? ఎక్కడ చూసినవ్? వలల పడ్డదా? ఒకప్పటికన్న తగ్గినయా? అందరిని ఇవే అడిగిన్రు. ఒకలు మానికతోని కొలిచి, ఇంకొకలు కిలోలల్ల తూకమేస్తే వడ్ల లెక్క ఎట్ల కలుస్తది? ఇదీ అంతే. ప్రశ్న ఒక్కటైతేనే ఒక దేశం జవాబును ఇంకో దేశంతోని పోల్చొచ్చు.

ఈ అడుగుడుకు ఎంత బలముందో చైనాల తేలింది. అక్కడ 1988లనే డుగాంగ్‌కు చట్టంతోని పెద్ద రక్షణ ఇచ్చిన్రు. తర్వాత లండన్ జూ సంస్థ సైంటిస్టులు, చైనా సైంటిస్టులు కలిసి దక్షిణ చైనా తీరంల 788 మందిని అడిగిన్రు. గడిచిన ఐదేండ్లల్ల చూసినమన్నది ముగ్గురే. చూసినోళ్లు గూడ సగటున 23 ఏండ్ల కింద చూసిన్రట. అక్కడ డుగాంగ్ కథ ఒడిసినట్టేనని 2022ల తేల్చిన్రు. ఆలస్యంగ అడిగితే చేతికొచ్చేది మరణ ధ్రువీకరణ పత్రమే.

జీవిని కాపాడితే సాలదు, మేత గూడ కాపాడాలె. అమెరికాల ఫ్లోరిడా దీనికి సాక్ష్యం. ఎరువుల నీళ్లు, మురికి నీళ్లు కలిసి అక్కడి ఒక పెద్ద ఉప్పునీటి కయ్యల నాచు కమ్మింది. ఎండ అందక అడుగున గడ్డి సచ్చింది. 2021 ఒక్క ఏడాదిలనే ఫ్లోరిడాల 1,100 దాకా మానటీలు సచ్చినయి, మస్తు వాటికి మేత లేకనే. యూరియా సంచి ఎక్కువ గుమ్మరించేటోళ్లు ఇది యాదిల పెట్టుకోవాలె.

ఇగ మన దిక్కు. తమిళనాడుకు, శ్రీలంకకు నడుమ ఉన్న పాల్క్ బేల 448 చదరపు కిలోమీటర్లను 2022ల తమిళనాడు సర్కారు డుగాంగ్‌ల రక్షణ ప్రాంతంగ ప్రకటించింది. వలల పడ్డదాన్ని ఇడిసిపెట్టినోళ్లకు ఇనాం ఇస్తున్నరు. మంచి పనే. కానీ 2015 నుంచి 2018 దాకా ఎనిమిది దేశాలు కలిసి డుగాంగ్‌ల కోసం, సముద్రపు గడ్డి కోసం పనిచేస్తే, అందుల శ్రీలంక ఉండె, మన దేశం లేకుండె. ఒక్క చెరువుకు రెండు ఊర్లున్నప్పుడు, ఒక ఊరు ఒక్కతే లెక్కవెడితే చెరువు లెక్క తేలుతదా?

ఆ సముద్రం మీద ఇప్పుడు రెండు దేశాలు కలిసేది బోట్లు పట్టుకునేటప్పుడు, అరెస్టులప్పుడే. నా మాటేందంటే, రెండు ఒడ్ల మత్స్యకారులను ఒకే కాలంల, ఒకే ప్రశ్నలతోని అడగాలె. తేలిన లెక్క వాళ్ల భాషల వాళ్లకే ముందుగాల చెప్పాలె. డుగాంగ్ కోసం వల కోసుకున్నోనికి ఆ వల పైసలు మొత్తం ఇయ్యాలె. అడుగు ఊడ్చి గడ్డిని పెకలించే ట్రాలర్లను ఆపాలంటే, దాని మీద బతికే కూలోనికి ఇంకో బతుకుదెరువు చూపియ్యాలె. పేదోన్ని దొంగను చేసి ఏ జీవినీ కాపాడలేం.

మీ ఊరి చెరువుల ఒకప్పుడు ఏ చేపలుండె, ఏ పిట్టలొస్తుండె, మీ తాతకు ఎరుకే. ఆయనను ఇప్పుడే అడుగుండ్రి, రాసిపెట్టుండ్రి. అదీ సైన్సే.