పిచర్ కెరీర్: వేగం చుట్టూ అల్లుకున్న అపోహలు

పిచర్ అంటే బేస్‌బాల్‌లో బౌలర్ అని క్రికెట్ తెలిసినవారు అనుకుంటారు. ఇద్దరూ బ్యాటర్‌కు బంతి వేసేవారే, పోలిక అంతవరకే. బౌలర్ పరుగెత్తుకొచ్చి వేస్తాడు. వంగిన మోచేతిని 15 డిగ్రీలకు మించి చాపకూడదు. పిచర్‌కు పరుగూ లేదు, మోచేతి మీద ఆంక్షా లేదు. 10 అంగుళాల ఎత్తు మట్టిదిబ్బ మీద నిలబడి, ఒక్క అంగతో ఒంట్లో బలమంతా చేతిలోకి తెచ్చి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలోని హోమ్ ప్లేట్ మీదుగా బంతిని విసురుతాడు. అతనికి అన్నం పెట్టేదీ, మోచేతిని దెబ్బతీసేదీ ఆ విసురే.

వేగం ఉంటే చాలు, బేస్‌బాల్‌లో అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్‌లో చోటు ఖాయమన్నది బాగా పాతుకుపోయిన నమ్మకం. మన దేశంలో దీనికి బలం ఇచ్చింది పిచర్ల కోసం వెతికిన 2008 నాటి ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పోటీ. ఉత్తరప్రదేశ్ జావెలిన్ క్రీడాకారులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ అందులో వెలుగులోకి వచ్చి, పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. 2014లో వారి కథతో సినిమా కూడా రావడంతో ఇద్దరూ అమెరికాలో పేరున్న పిచర్లయ్యారని చాలామంది అనుకున్నారు. నిజానికి ఇద్దరూ మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. దీన్ని వారి వైఫల్యంగా చూడడం అన్యాయం. చిన్ననాటి నుంచి ఇదే ఆట ఆడి, జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంపికైన అమెరికన్ కుర్రాళ్లలోనూ ఎక్కువమంది సింగిల్-ఏ నుంచి ట్రిపుల్-ఏ దాకా ఉన్న మైనర్ లీగ్ మెట్లలో ఎక్కడో ఆగిపోతారు. పైమెట్టు బ్యాటర్లు వట్టి వేగానికి త్వరగా అలవాటు పడతారు. గురి, రెండో రకం బంతి, మూడో రకం బంతి లేనివారికి అక్కడ నిలవడం కష్టం.

పిచర్లంతా కోటీశ్వరులన్న మాటా నిలవదు. 2025లో మేజర్ లీగ్ కనీస జీతం 7,60,000 డాలర్లు. 2023లో కుదిరిన ఒప్పందంలో, దానికి ఒక్క మెట్టు కిందనున్న ట్రిపుల్-ఏ ఆటగాడికి దక్కింది ఏడాదికి 35,800 డాలర్లే.

మ్యాచ్‌ను మొదలుపెట్టే పిచర్, అంటే స్టార్టర్, సాధారణంగా అయిదు రోజులకోసారి బంతి చేతపడతాడు గనుక మిగతా రోజులు విశ్రాంతేనని అనుకోవడమూ పొరపాటే. ఒక మ్యాచ్‌లో 90, 100 బంతులు వేసిన చేయి కోలుకోవడానికే ఆ వ్యవధి. కసరత్తు, మధ్యలో ఒకరోజు బుల్‌పెన్‌లో సాధన, ఎదుటి బ్యాటర్ల వీడియోల పరిశీలన అందులోనే సాగుతాయి. ఇక తన ఖాతాలో పడే గెలుపుల లెక్కతో పిచర్‌ను తూచే అలవాటుకు 2018లో జేకబ్ డిగ్రామ్ సమాధానం చెప్పాడు: 10 గెలుపులు, 9 ఓటములతోనే, తొమ్మిది ఇన్నింగ్స్‌లకు 1.70 పరుగులే ఇచ్చిన సగటుతో, ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. సొంత జట్టు పరుగులు చేయకపోతే పిచర్ ఏం చేయగలడు?

అపోహల వల్ల అసలు నష్టం జరిగేది మోచేతి విషయంలో. పిల్లల చేతులు పాడయ్యేది కర్వ్‌బాల్ వల్లనేనని తల్లిదండ్రులు భయపడతారు. పరిశోధనలు అంతకంటే గట్టిగా వేలెత్తి చూపేది మితిమీరిన బంతులనూ, అలసిన చేత్తో విసరడాన్నీ, ఏడాది పొడవునా ఆడించడాన్నీ. అందుకే 2014లో వచ్చిన ‘పిచ్ స్మార్ట్’ మార్గదర్శకాలు 9–10 ఏళ్ల పిల్లలకు రోజుకు 75 బంతులు, 17–18 ఏళ్లవారికి 105 బంతుల హద్దు పెట్టాయి.

మోచేతికి శస్త్రచికిత్స చేయిస్తే వేగం పెరుగుతుందన్న నమ్మకం ఇంకా ప్రమాదకరం. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, పిచర్ టామీ జాన్ ఎడమ మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో కుడి చేతి నుంచి తీసిన టెండన్‌ను అమర్చాడు. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. మొత్తం 288 గెలుపుల్లో 164 ఆ తర్వాత వచ్చినవే. ఆ శస్త్రచికిత్సకు అతని పేరే స్థిరపడింది. అయితే అది పోయినదాన్ని తిరిగి ఇచ్చే వైద్యం, కొత్త బలాన్ని పోసేది కాదు. తర్వాత వేగం పెరిగినట్టు కనిపిస్తే, ఏడాదికి పైగా సాగే వ్యాయామ శిక్షణకూ, ఎదిగే వయసుకూ అందులో వాటా ఉంటుంది. తిరిగి మైదానంలోకి దిగలేనివారూ, రెండోసారి కోత పడినవారూ ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడి మోచేతికి ఈ కోత ఎన్నటికీ తగదు.

వయసు మళ్లి వేగం తగ్గితే కెరీర్ ముగిసినట్టేనా? పిచర్ నోలన్ రయన్ 44 ఏళ్ల వయసులో, 1991లో, తన ఏడో నో-హిటర్ (ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. కానీ వేగాన్ని అంతకాలం నిలుపుకున్న అతను అరుదైన మినహాయింపు. మరో పిచర్ జేమీ మోయర్ దారి వేరు. గంటకు 130 కిలోమీటర్ల చుట్టుపక్కల ఫాస్ట్‌బాల్‌తో, వేగం మార్చే ఒడుపుతో, గురితో నెట్టుకొచ్చాడు. 2010లో టామీ జాన్ శస్త్రచికిత్స చేయించుకుని, 2012 ఏప్రిల్‌లో కొలరాడో రాకీస్ తరఫున 49 ఏళ్ల వయసులో మ్యాచ్ గెలిచాడు. మేజర్ లీగ్‌లో అంత వయసులో గెలిచిన పిచర్ మరొకరు లేరు.