మంద్రస్వరమును పలికించువాడు

హైదరాబాదు నగరమందలి జూబిలీహిల్సు, ఫిలింనగరు అను ప్రాంతములు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నివాసస్థానములని మన విద్యార్థులలో ఎఱుగనివారు లేరు. అచ్చట ఒక పాట వెలువడిన మఱునాడే అది మన క్రీడాస్థలమున వినవచ్చును. పాడినవారెవరని అడిగినచో పిల్లలు తడుముకొనక చెప్పుదురు. స్వరకర్త పేరును, కవి పేరును చెప్పగలవారు సైతము పలువురు గలరు. కాని ఆ పాటలో బేసు గిటారు వాయించినవారెవరని ప్రశ్నించితిమా, అందఱును మౌనము వహింతురు. ఆ వాద్యకారుడు చేయు పని ఎట్టిది? అతని జీవితమెట్టిది? ఆ వృత్తి ఒక కుటుంబమును పోషింపగలదా? ఈ విషయములను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తేటపఱచుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట వాద్యమును గుఱించి చెప్పుదుము. సామాన్య గిటారునకు ఆఱు తంత్రులుండగా బేసు గిటారునకు తఱుచుగా నాలుగే యుండును. అవి మిక్కిలి లావైనవి. వాని మ్రోగు భాగము ఇంచుమించు 34 అంగుళముల పొడవుండును. వానిని గిటారు యొక్క క్రింది నాలుగు తంత్రులకంటె ఒక స్థాయి దించి శ్రుతి చేయుదురు. అన్నిటిలో లావైన తంత్రి సెకనునకు సుమారు 41 పర్యాయములు కంపించును. మానవుని చెవి సెకనునకు 20 కంపనములు మొదలుకొని నాదమును గ్రహించునని పై తరగతులవారు భౌతికశాస్త్రమున చదివియున్నారు. కావున ఈ స్వరము మన వినికిడి యొక్క అట్టడుగు మెట్టునకు సమీపముననే యున్నది. చేతి టెలిఫోనునందలి చిన్న స్పీకరు ఇంతటి మంద్రనాదమును సరిగా పలుకజాలదు. మనలో అనేకులు పాటను వినియు బేసును విననివారగుటకు ఇది యొక కారణము.

పూర్వము ఈ పనిని నిలువెత్తు డబుల్ బేసు చేయుచుండెడిది. దానిని మోసికొనిపోవుట కష్టము. డ్రమ్ముల ధ్వనిలో దాని నాదము మునిగిపోవుచుండెను. 1951వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమందు లియో ఫెండరు అనునతడు, భుజమునకు తగిలించుకొని వాయింపదగిన విద్యుత్ బేసును తయారుచేసి అమ్మకమునకు తెచ్చెను. స్వరస్థానము తప్పకుండునట్లు దానికి మెట్లు అమర్చుటచే దానికి ప్రెసిషన్ బేసు అని పేరిడెను. నేడు లోకమందంతట వాయించుచున్న బేసు గిటారులు చాలవఱకు ఆ వంశమునకు చెందినవే.

ఇక వాద్యకారుని పనిని చూతము. మన దేవాలయములలో తెలుగు కీర్తనలను అందఱును ఒకే వరుసలో పాడుదురు. కాని గాయకబృందము ఇంగ్లీషు పద్ధతి కీర్తనను పాడునప్పుడు సొప్రానో, ఆల్టో, టెనరు, బేసు అను నాలుగు భాగములు గా విడిపోవును. పుత్రోత్సాహముతో ముందు వరుసలోని కుమార్తె గొంతును వినుచుండు తల్లికి వెనుక వరుసలోని బేసువారి గొంతు వేఱుగా వినబడకపోవచ్చును. వారొక్క పర్యాయము ఊరకుండిరా, కీర్తన పునాది లేని గోడవలె తూలుటను ఆమెయు గుర్తించును. బేసు గిటారు పని అట్టిదే. అయితే తంబురావలె ఒక్క శ్రుతినే పట్టియుండుట దాని పని కాదు; అది పాటతో కూడ నడచును.

ఒక ఉదాహరణమును గైకొందము. గాయకుడు షడ్జమమును దీర్ఘముగా పట్టి నిలిపెననుకొనుడు. క్రింద బేసుకూడ షడ్జమమునే పలికినచో, ఇల్లు చేరిన ప్రయాణికునివలె మన మనస్సు విశ్రమించును. గాయకుడు స్వరమును మార్చకయే యుండగా, బేసు క్రింది చతుశ్రుతి ధైవతమునకు దిగినచో అదే షడ్జమమున విషాదచ్ఛాయ తోచును. శుద్ధ మధ్యమమునకు దిగినచో మఱల నింకొక కాంతి కలుగును. పాడినవాడు మాఱలేదు, పాట మాఱినది. దీనికి తోడు డ్రమ్ములవాని కాలి దెబ్బతో తన మీటును సరిగా కలుపుట మఱియొక బాధ్యత. తాళమునకును రాగమునకును నడుమ నిలిచి రెంటిని కట్టిపట్టు త్రాడు ఇతడే.

ఇట్టి వాద్యకారుని జీవితమునకు దృష్టాంతముగా జాన్ పాల్ జోన్స్ చరిత్రను చెప్పుదుము. ఇతని అసలు పేరు జాన్ బాల్డ్విన్. 1946 జనవరి 3వ తేదీన ఇంగ్లండులోని కెంటు మండలమున సిడ్‌కప్ అను ఊర జన్మించెను. తండ్రి పియానో వాద్యకారుడు. వాద్యబృందములకు స్వరరచన చేయువాడు. బాలుడు ఆఱవ యేటనే తండ్రి యొద్ద పియానో నేర్చుకొన నారంభించెను. పదునాలుగవ యేట తమ ఊరి దేవాలయమున ఆర్గను వాయించుచు గాయకబృందమును నడుపుచుండెను. ఆ దినములలోనే మొదటి బేసు గిటారును సంపాదించుకొనెను.

అనంతరము 1964 మొదలుకొని 1968 వఱకు లండను రికార్డింగు స్టూడియోలలో కూలికి వాయించుట అతని వృత్తియయ్యెను. ఎదుట స్వరపత్రమును పెట్టగనే వాయింపవలెను. పని ముగియగనే మఱియొక స్టూడియోకు పోవలెను. వందలకొలది పాటలకు అతడిట్లు వాయించెను. పలువురి పాటలకు స్వరరచన కూడ చేసెను. 1967లో రోలింగ్ స్టోన్స్ వారి పాటయొకదానికి వయొలిను భాగములను కూర్చినవాడితడే. 1968లో గిటారు వాద్యకారుడు జిమ్మీ పేజి క్రొత్త బృందమును కూర్చుచున్నాడని విని తానుగా పోయి చేరెను. గాయకుడు రాబర్ట్ ప్లాంట్, డ్రమ్ముల వాద్యకారుడు జాన్ బోనమ్ తోడుకాగా లెడ్ జెప్లిన్ అను రాక్ బృందము వెలసెను. రాక్ అనగా విద్యుత్ గిటారులతోను, డ్రమ్ములతోను, బిగ్గరయైన గానముతోను కూడిన పాశ్చాత్య సంగీతము. ఆ బృందపు తొలి రికార్డు 1969 జనవరిలో వెలువడెను. కొలది సంవత్సరములలోనే వారు లోకప్రసిద్ధులైరి.

జోన్స్ బేసుతో తృప్తినొందక ఆర్గను, పియానో, మాండలిను కూడ వాయించుచుండెను. చేతులు రెండును ఆర్గను మీద నుండునప్పుడు పాదములతో మెట్లను త్రొక్కి మంద్రస్వరమును పలికించుచుండెను. దేవాలయమున ఆర్గను యెదుట కూర్చుండిన బాలుని విద్య వేలాది జనుల యెదుట ఇట్లు అక్కఱకు వచ్చినది.

1980 సెప్టెంబరు 25వ తేదీన జాన్ బోనమ్ మితిమీఱిన మద్యపానముచే మరణించెను. అప్పటికి అతని వయస్సు 32 సంవత్సరములే. ఆ డిసెంబరులో బృందము రద్దయినదని తక్కినవారు ప్రకటించిరి. అటు పిమ్మటను జోన్స్ స్వరరచన చేయుచుండెను. 1992లో ఆర్.ఇ.ఎమ్. అను అమెరికా బృందపు ప్రసిద్ధమైన రికార్డునందు తంత్రీవాద్య భాగములను కొన్నిటిని కూర్చెను. 1994లో పూర్వ సహచరులైన పేజి, ప్లాంటులు ఇతనిని పిలువకయే పాత పాటలతో కార్యక్రమమును నడిపిరి. మఱుసటి సంవత్సరము రాక్ సంగీతజ్ఞుల గౌరవమందిరమున బృందమునకు సన్మానము జరిగినప్పుడు, తన టెలిఫోను నంబరును ఎట్టకేలకు జ్ఞప్తికి తెచ్చుకొన్నందుకు మిత్రులకు వందనములని చమత్కారముగా పలికెను. నవ్వులో దాచిన ఆ బాధను గ్రహింపనివారు లేరు. అయినను 2007 డిసెంబరు 10వ తేదీన లండనులో వారు కలిసి వాయించినప్పుడు అతడు తన స్థానమున నిలిచెను. ఆ రాత్రి డ్రమ్ములను వాయించినవాడు బోనమ్ కుమారుడు.

జోన్స్ కీర్తిని పొందెను. అందఱికిని ఆ భాగ్యము లేదు. అమెరికాలోని డెట్రాయిటు నగరమున జేమ్స్ జేమర్సన్ అను నల్లజాతి యువకుడు తాను చదివిన హైస్కూలులోనే డబుల్ బేసును పట్టెను. 1959 మొదలుకొని మోటౌన్ అను రికార్డు సంస్థలో పని చేసి, జనులు నేటికిని పాడుకొనుచున్న అనేక గీతములకు బేసు వాయించెను. కుడిచేతి చూపుడు వ్రేలితోనే మీటుట అతని పద్ధతి. ఆ సంస్థవారు చాలకాలము రికార్డు అట్టలమీద వాద్యకారుల పేర్లను ముద్రింపనేలేదు. 1971లోగాని అతని పేరు వెలికి రాలేదు. 1972లో సంస్థ లాస్ ఏంజిలిసుకు తరలిపోయెను. జేమర్సన్ కూడ అచ్చటికి పోయెనుగాని క్రొత్తచోట పని సన్నగిల్లెను. మద్యము అతని ఆరోగ్యమును హరించెను. 1983లో 47 యేండ్ల ప్రాయమున మరణించెను. గౌరవమందిరమున అతని పేరు చేరినది 2000వ సంవత్సరమున, అనగా మరణానంతరము 17 యేండ్లకు.

సంస్థ తరలిపోవుట యనిన మన చలనచిత్ర పరిశ్రమ కథయే జ్ఞప్తికి వచ్చును. తెలుగు చిత్రములు దశాబ్దములపాటు మద్రాసున తయారైనవి. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు హైదరాబాదున అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పిరి. చిత్రనిర్మాణము క్రమముగా ఇటు తరలినను, పాటల రికార్డింగు మఱికొంతకాలము మద్రాసుననే జరుగుచుండెను. ఏలయనగా ఆరితేఱిన వాద్యకారులు అచ్చటనే కాపురముండిరి. వారిలో ఇళయరాజాగారి వాద్యబృందమున బేసు వాయించిన శశిధరన్ గారు ముఖ్యులు. ఇళయరాజాగారు పాశ్చాత్య గిటారు విద్యయందు లండను ట్రినిటీ కళాశాల పరీక్షలో స్వర్ణపతకము నొందినవారు. బేసు భాగమును సైతము స్వరస్వరముగా కాగితముపై వ్రాసి ఇచ్చువారు. 1983 నాటి సాగరసంగమము, 1989 నాటి గీతాంజలి చిత్రముల పాటలను మంచి స్పీకరులో వినుడు. క్రింద నడచు ఆ రెండవ గానమే శ్రోతకు బేసు విలువను బోధించును. ఎ.ఆర్. రహమానుగారి పాటలకు పెక్కేండ్లు బేసు వాయించిన కీత్ పీటర్సుగారును మద్రాసువారే.

రాక్ బృందములనుండి చిత్రసీమకు వచ్చినవారును గలరు. రహమానుగారు యౌవనమున మద్రాసు బృందములలో కీబోర్డు వాయించినవారు. 1999లో తమ్ముడు చిత్రమునకు స్వరములు కూర్చిన రమణ గోగులగారు అంతకుముందు బృందగానము చేసినవారే. హైదరాబాదు నగరపు చౌరస్తా బృందమున పాడిన రామ్ మిరియాలగారు 2021లో జాతిరత్నాలు చిత్రపు పాటతో ఇంటింటికి తెలిసిరి. గాయకుని పేరు ఇట్లు శీఘ్రముగా వ్యాపించును. వెనుక నిలిచి తంత్రి మీటినవాని పేరునకు అంత వేగము లేదు.

ఈ వృత్తియందలి కష్టములను దాచుట న్యాయము కాదు. 1980 తరువాత కీబోర్డు యంత్రములును, పిమ్మట కంప్యూటరులును బేసు స్వరమును అనుకరింప నేర్చినవి. నలుబది మంది ఒక్కచోట కూర్చుండి వాయించు రికార్డింగులు తగ్గినవి. నేటి బేసు వాద్యకారుడు తఱుచుగా ఒంటరిగా చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, ముందుగా సిద్ధమైయున్న తాళమునకు వాయించును. లేదా తన యింటనే వాయించి కంప్యూటరు ద్వారా పంపును. నెల జీతము లేదు. పిలుపు వచ్చిన దినముననే ఆదాయము. ఫిలింనగరునకు చేరువనున్న కృష్ణానగరులో అద్దె గదులయందు పిలుపుకొఱకు ఎదురుచూచు కళాకారులు ఎందఱో గలరు.

కావున తలిదండ్రులకు మా మనవి యొకటి. గిటారు కావలెనని కుమారుడుగాని కుమార్తెగాని అడిగినచో కోపింపకుడు. అట్లని చదువును మాన్పింపకుడు. జోన్సును నలుబదియేండ్లకు పైగా నిలిపినది మెఱుపువేగము కాదు. స్వరలిపిని చదువుట, వ్రాయుట, పలు వాద్యముల నెఱుగుట, వేళకు హాజరగుట అను గుణములే. యంత్రము స్వరమును అనుకరించునుగాని, ఈ పాటకు ఇచ్చట మౌనమే తగునని నిర్ణయించు వివేకమును మనుష్యుడే అభ్యసింపవలెను. మద్యము ఇద్దఱి బ్రతుకులను ఎట్లు కూల్చెనో పైన చూచితిమి. సభాస్థలపు వెలుగులలో తిరుగగోరువారు దానిని మఱువరాదు.

విద్యార్థులారా, మీకును ఒక పని గలదు. ఇటీవలి తెలుగు పాటలు పెక్కింటికి వాద్యకారుల పేర్లను పాటతోపాటు ప్రకటించుచున్నారు. ఈ సెలవులలో మీకిష్టమైన పాటను మంచి హెడ్‌ఫోనుతో మూడు పర్యాయములు వినుడు. మొదట గాయకుని, రెండవసారి తాళమును, మూడవసారి అడుగున నడచు బేసును మాత్రమే వినుడు. తరువాత ఆ పేర్ల పట్టికను తెఱచి బేసు వాయించినవారి పేరును చదివి, మీ నోటు పుస్తకమున వ్రాసికొనుడు. శరీరమున బలహీనములుగా కనబడు అవయవములే మఱి అవశ్యకములని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు బోధించెను. పాట యను శరీరమునకు బేసు అట్టి అవయవము. జేమర్సన్ పేరు అచ్చుకెక్కుటకు పండ్రెండు సంవత్సరములు పట్టినది. మన పాటలకు ఆధారముగా నిలిచినవారి పేరును తెలిసికొనుటకు మనకు పండ్రెండు నిమిషములు చాలును.