పెరటికోళ్ల తెగుళ్లు: మందు విషయమున వివేకము

నాలుగు పెట్టలుగల యిల్లాలికి గ్రుడ్లమ్మిన సొమ్ము స్వంత ధనము. పిల్లల పలకలు, పుస్తకములు అందుండియే వచ్చుచుండును. అట్టి పెట్ట రెక్కలు వ్రాల్చి మూల కూర్చున్నచో ఆతురత సహజమే. కాని పిల్లల జ్వరమునకు తెచ్చి మిగిల్చిన ఆంటిబయాటిక్ మాత్రను నీళ్లలో కలిపి దానికి పోయుట కోడికిని, ఇంటిల్లిపాదికిని చేటని మా మనవి.

ఆంటిబయాటిక్కులు బాక్టీరియాలను చంపును గాని వైరసులను చంపజాలవు. పల్లెకోళ్లను మూకుమ్మడిగా తుడిచిపెట్టు కొక్కెరతెగులు వైరసువలన కలుగునది. హిమాలయప్రాంతపు ఊరిపేర దీనినే రాణీఖేత్ వ్యాధి యందురు. ఆకుపచ్చని విరేచనము, నోరు తెఱచి యెగరోజుట, మెడ మెలిదిరుగుట దీని గుఱుతులు. సోకిన పిమ్మట దీనికి మందు లేదు. ముందు వేయించిన టీకాయే రక్ష. పిల్ల పుట్టిన వారమునాటికి కంటనో ముక్కుననో చుక్కమందును, ఎనిమిదవ వారమున సూదిమందును వేయింపవలయును.

మొగము వాచి, ముక్కున దుర్గంధపు చీమిడి కారుట బాక్టీరియా రోగము కావచ్చును. అందు ఆంటిబయాటిక్ పనికివచ్చును. పిల్లలకు నెత్తురు విరేచనమైనచో తఱచుగా కాక్సిడియా యను సూక్ష్మజీవి కారణము. దాని మందు వేఱు. ఈ భేదమును పశువైద్యుడే నిర్ణయింపవలెను.

అరకొరగా మందు పోసినచో బలహీనమైన క్రిములు చచ్చి, మొండివి మిగిలి వృద్ధినొందును. రేపు మన బిడ్డకు అట్టి క్రిములు సోకినచో ఆ మందు పనిచేయదు. పెనిసిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగు పండితుడు 1945లోనే ఈ సంగతి హెచ్చరించెను. మనుష్యులకు కడపటి యాయుధమైన కొలిస్టిన్‌ను కోళ్లకును, ఇతర ఆహారజంతువులకును అమ్మరాదని భారతప్రభుత్వము 2019లో నిషేధించినది. వైద్యుడు మందిచ్చినను, ఆయన చెప్పిన గడువు తీరువఱకు ఆ కోడి గ్రుడ్లను తినరాదు, అమ్మరాదు.

జబ్బుకోడిని వెంటనే వేఱు గంపక్రింద నుంచుడు. మంచికోళ్లకు మేతవేసిన పిదపనే దానికి వేసి, సబ్బుతో చేతులు కడుగుకొనుడు. సంతలో కొన్న కోడిని రెండు వారములు మందలో కలుపకుడు. చచ్చినదానిని కాలువలో వేయక, సున్నము చల్లి లోతుగా పాతుడు. ఒక్కసారిగా పెక్కుకోళ్లు చచ్చినచో వానిని ముట్టక పశువైద్యశాలకు కబురంపుడు.

టీకామందు సీసా యొక్కటి నూఱుకోళ్లకు వచ్చునట్టిది. కలిపిన కొలది గంటలలో వాడవలయును. నాలుగు కోళ్ల కొఱకు ఒక్కరు తెచ్చుట దుబారా. వీధిలోని యిల్లాండ్రందఱు ఒక దినము నిర్ణయించుకొని, తమ కోళ్లనన్నిటిని ఒకచోట చేర్చినచో ఒక్క సీసాతో వీధియంతకు రక్ష కలుగును.