నిలిచిపోయిన ఈమెయిల్ – 25వ పోర్టు నిరోధం: కారణాలు, పరిష్కారాలు

ఈమెయిల్‌ను అందుకొనే మార్గం, పంపే మార్గం వేరువేరు. అందువల్ల కళాశాల చిరునామాకు వచ్చిన సందేశాలన్నీ ఇంటి కంప్యూటరులో యథావిధిగా తెరుచుకుంటున్నా, పంపవలసిన పరిశోధన పత్రం అవుట్‌బాక్స్‌లోనే ఉండిపోవచ్చు. గడువు ముంచుకొస్తున్న వేళ పాస్‌వర్డ్‌ను పదేపదే మార్చేకంటే అడ్డు ఎక్కడుందో గుర్తించడం అవసరం.

నేపథ్యం:
ఈమెయిల్ బదిలీకి ఉపకరించే ఎస్ఎంటీపీ నియమావళిని జొనాథన్ పోస్టెల్ 1982లో ఆర్ఎఫ్‌సీ 821గా వెలువరించారు. దీనికి నిర్దేశించినది 25వ పోర్టు. పంపేవారు తమ గుర్తింపును నిరూపించుకొనే ఏర్పాటు అందులో లేదు. తరువాతి కాలంలో వైరస్ సోకిన గృహ కంప్యూటర్లు యజమానులకు తెలియకుండానే ఈ పోర్టు ద్వారా స్పామ్‌ను వెదజల్లాయి. దానిని అరికట్టడానికి అనేక ఇంటర్నెట్ సేవాసంస్థలు గృహ కనెక్షన్లలో 25వ పోర్టును మూసివేశాయి. ఈ నిరోధం సందేశంలోని విషయాన్ని పరిశీలించదు. పోర్టు సంఖ్యనే చూస్తుంది. కనుక స్పామ్ పంపేవారితోపాటు అధ్యాపకుల సందేశాలూ ఆగిపోతాయి.

ప్రత్యామ్నాయ మార్గాలు:
1998లో ఆర్ఎఫ్‌సీ 2476, వినియోగదారు సందేశాన్ని తన సర్వరుకు సమర్పించడాన్ని సర్వర్ల మధ్య బదిలీ నుండి వేరుచేసి, సమర్పణకు 587వ పోర్టును కేటాయించింది. 2018లో ఆర్ఎఫ్‌సీ 8314, ఆరంభం నుండే టీఎల్ఎస్ రక్షణతో పనిచేసే 465వ పోర్టుకు ప్రాధాన్యమిచ్చింది.

లోప నిర్ధారణ:
తెరపై కనిపించే దోష సూచన మొదటి ఆధారం. సర్వరు నుండి సమాధానమే రాక సమయం మించిపోతే పోర్టు నిరోధాన్ని అనుమానించాలి. 535 అనే సంఖ్య వస్తే సర్వరు వరకు దారి తెరిచే ఉందని, వినియోగదారు పేరు లేదా పాస్‌వర్డ్ అంగీకారం పొందలేదని అర్థం. 550 వస్తే సర్వరు సందేశాన్ని తిరస్కరించిందన్నమాట. చిరునామా లేకపోవడం గాని, పంపిన ఐపీ చిరునామా నిరోధక జాబితాలో ఉండడం గాని కారణం కావచ్చు. అప్పుడు పోర్టు మార్చినా ఫలితం ఉండదు. ఆ సూచన పూర్తి పాఠాన్ని సర్వరు నిర్వాహకులకు పంపాలి.

పరిష్కారం:
పోర్టు నిరోధమే కారణమైతే, పంపే సర్వరు అమరికలలో 25కు బదులు 587ను స్టార్ట్‌టీఎల్ఎస్‌తో గాని, 465ను టీఎల్ఎస్‌తో గాని ఎంచుకొని, వినియోగదారు ధ్రువీకరణను తప్పక ప్రారంభించాలి. వీటిలో ఏది పనిచేస్తుందనేది ఈమెయిల్ సేవ అందించే సంస్థ ఏర్పాటుపై ఆధారపడుతుంది. సమయం లేనప్పుడు బ్రౌజరులో వెబ్‌మెయిల్ తెరిచి పత్రాన్ని పంపవచ్చు. అది 443వ పోర్టును వాడుతుంది గనుక 25వ పోర్టు నిరోధం దానికి వర్తించదు.