పాత కారులో శ్రీశైల యాత్ర

పాత కారులో శ్రీశైలం బయలుదేరే భక్తులకు నా మనవి. సొమ్ము పరిమితమైనప్పుడు సీటు కవర్లకు కాక, ప్రాణరక్షణకే తొలుత వెచ్చించాలి.

బ్రేకు ఆయిలు కాలక్రమంలో గాలిలోని తేమను గ్రహిస్తుంది. నల్లమల ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు మిక్కిలి వేడెక్కి ఆ తేమ ఆవిరైతే, పెడల్ నొక్కినా బ్రేకు పట్టదు. కనుక రెండేళ్లు దాటిన ఆయిలును మార్పించండి. దిగుడులో చిన్న గేరులోనే నడపండి.

టైరు పక్కన 2319 అని ఉంటే, అది 2019లో 23వ వారాన తయారైనదని అర్థం. అరుగుదల లేకున్నా పగుళ్లు తేలిన పాత టైరును విడిచిపెట్టాలి. స్టెప్నీలో గాలి, రేడియేటరు గొట్టాలు, ఫ్యాన్ బెల్టు కూడా చూపించండి.

మనుమలను ఎక్కించుకొనే ముందు, నేను మరమ్మతులన్నీ చేయించి వారం ముందే నలభై కిలోమీటర్లు నడిపిస్తాను. లోపమేదైనా ఉంటే అడవిలో కాక, మన మెకానిక్ ఉన్న ఊళ్లోనే బయటపడుతుంది.