సెలైన్ సీసాలో బలం ఎంత?

“డాక్టరు గారూ, ఒళ్ళంతా ఒకటే నీరసం. ఒక సెలైన్ ఎక్కించండి, లేచి తిరుగుతాను.”

నలభై ఏళ్ళ గృహిణి ఒకామె నా దగ్గరికి వచ్చీ రాగానే అడిగిన మాట ఇది. పరీక్ష చెయ్యమనలేదు, మందు రాయమనలేదు. ఏడాదిగా నెలకు ఒకటి, ఒక్కోసారి రెండు సీసాలు వాళ్ళ వీధి చివర క్లినిక్కులో ఎక్కించుకుంటున్నదట. సీసాకు, సూదికి, గొట్టానికి, మంచానికి, అందులో కలిపే పసుపు రంగు ఇంజెక్షనుకు అన్నీ కలిపి వెళ్ళినప్పుడల్లా ఆరేడు వందలు. భర్తది చిన్న ఉద్యోగం. “పాలు తగ్గించుకున్నాం గాని ఇది మాత్రం మానలేదండీ” అన్నది.

ఆ మాట విన్నాక, ఆ సీసాలో ఏముంటుందో పాఠకులకు చెప్పాలనిపించింది.

మామూలు సెలైన్ అంటే ఉప్పునీళ్ళు. నూటికి 0.9 పాళ్ళు ఉప్పు. అర లీటరు సీసాలో ఉండేది 4.5 గ్రాములు, అంటే టీ చెంచాకు కాస్త తక్కువ. మిగిలినదంతా శుద్ధి చేసిన నీరు. అందులో మాంసకృత్తులు లేవు, ఇనుము లేదు, తిండి అనదగ్గది ఏదీ లేదు. ‘గ్లూకోజు సీసా’ కొంచెం నయం. అయిదు శాతం గ్లూకోజు ఉన్న అర లీటరు సీసాలో 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. దానివల్ల వచ్చే శక్తి 100 కేలరీలకు మించదు. ఒక మోస్తరు అరటిపండు తిన్నా అంతే వస్తుంది. పైగా అరటిపండుకు మంచం అద్దె ఉండదు.

ఇక పసుపు రంగు ఇంజెక్షను. అందులో ముఖ్యంగా ఉండేవి బి విటమినులు. ఆ రంగు రైబోఫ్లేవిన్ అనే విటమినుది. శరీరానికి అక్కరలేనిది మూత్రంలో పోతుంది. ఆ తర్వాత మూత్రం పచ్చగా కనబడితే మందు బాగా పట్టిందని సంతోషించేవారున్నారు. నిజానికి బయటికి పోతున్నది మీరు కొన్న మందే!

“మరి ఎక్కించుకున్నాక హుషారుగా ఉంటుంది కదా?” అని మీరడగవచ్చు. ఉంటుంది. ఇంటి చాకిరీ వదిలి రెండు గంటలు ఫాను కింద పడుకుంటే ఎవరికైనా హాయిగానే ఉంటుంది. ఎండలో తిరిగి నీళ్ళు తాగనివారికి ఆ అర లీటరు నీరు మేలే చేస్తుంది, అయితే నోటితో తాగినా అదే మేలు. మామూలు వైరస్ జ్వరాలు చాలావరకు నాలుగైదు రోజుల్లో వాటంతటవే తగ్గుముఖం పడతాయి. మూడోరోజు సీసా పెట్టించుకుంటే ఆ ఘనత సీసాకు దక్కుతుంది. అసలు జ్వరం తర్వాత వచ్చే నీరసంలో సగం, పథ్యం పేరుతో అన్నం, పప్పు మాన్పించి రొట్టెముక్కలతో సరిపెట్టడం వల్ల వచ్చేదే.

తప్పంతా రోగులదే అనను. సీసా పెట్టకపోతే రోగి పక్క వీధికి వెళ్ళిపోతాడన్న భయం మా వృత్తిలోనూ ఉంది. అడగకుండానే తగిలించేవారూ ఉన్నారు.

డబ్బు దండగతోనే పోతే ఇంత రాయను. గుండె బలహీనంగా ఉన్నవారికి, మూత్రపిండాలు సరిగా పనిచెయ్యనివారికి ఈ నీరే ప్రమాదం. అరవై దాటిన పెద్దాయన ఒకరు నీరసమని పగలు రెండు సీసాలు ఎక్కించుకున్నారు. రాత్రికి ఆయాసం, పడుకోలేక కూర్చుండిపోయారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. వేళకు ఆస్పత్రికి తెచ్చారు కనుక బతికారు. ఆయన నీరసానికి కారణం గుండె జబ్బేనని అప్పటిదాకా ఎవరూ చూడలేదు. మధుమేహం ఉన్నవారికి గ్లూకోజు సీసా పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? శుభ్రత లేనిచోట సూది గుచ్చితే నరం వాయడం, చలిజ్వరం రావడం కూడా జరుగుతుంది.

సెలైన్ చెడ్డదని కాదు. వాంతులు ఆగక నోట నీళ్ళు నిలవనప్పుడు, విరేచనాలతో కళ్ళు లోతుకుపోయి మగతగా పడి ఉన్నప్పుడు, రక్తపోటు పడిపోయినప్పుడు, డెంగూ ముదిరినప్పుడు, ఆపరేషన్లప్పుడు అది ప్రాణం నిలబెడుతుంది. అప్పుడు ఆలస్యం పనికిరాదు.

మామూలు విరేచనాలకు మాత్రం నోటితో తాగే ఓ.ఆర్.ఎస్. చాలు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో పోయించి తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆ పొట్లం ఈనాడు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. పొట్లం దొరకకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపండి. కొలత తప్పకూడదు, ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు కీడు. ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టుకున్న తియ్యటి పానీయాలు వేరు. హైదరాబాదు పిల్లల డాక్టరు ఒకరు ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆ పేరు వాడరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

నీరసం విడవకపోతే ముందు రక్తం చూపించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 15-49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. మధుమేహం, థైరాయిడ్ లోపం, క్షయ కూడా మొదట నీరసంగానే కనబడవచ్చు.

పైన చెప్పిన గృహిణికి హిమోగ్లోబిన్ పరీక్ష చేయిస్తే 7 గ్రాములు ఉంది. ఏడాదిగా నెలసరి ఎక్కువగా అవుతున్నదట. అడిగేదాకా చెప్పలేదు, అంతవరకు ఎవరూ అడగలేదు. గర్భాశయానికి చికిత్స చేయించి ఇనుము మాత్రలు ఇచ్చాం. మాత్రతోపాటు టీ తాగవద్దని, అన్నంలో నిమ్మరసం పిండుకోమని చెప్పాం. మూడు నెలలకు హిమోగ్లోబిన్ పదిన్నరకు చేరింది. మాత్రలు ఇంకా మూడు నెలలు వాడాలి. ఇంట్లో పాలు మళ్ళీ పోయించుకుంటున్నారట.