పాప చెప్పిన మాటను మేము ఎక్కడ ఆపాము?

ఈ నెల వ్రాయుచున్న సంగతి మాకు సిగ్గు కలిగించే సంగతి. అయినను వ్రాయక తప్పదు. పేరు, ఊరు మాత్రము చెప్పము.

2015లో మేము ఒక పల్లె సంఘములో సేవ చేస్తున్నప్పుడు, సంఘము నడిపే ప్రాథమిక పాఠశాల బాధ్యత కూడ మా మీదనే ఉన్నది. రెండవ తరగతి చదివే ఒక పాప మంగళవారము వచ్చిందంటే కడుపునొప్పి అని ఏడ్చేది. బడి ఎగ్గొట్టడానికి నాటకమని తల్లి రెండు దెబ్బలు కూడ వేసింది. మంగళవారము పాటలు నేర్పే రోజు. ఒకనాడు మా భార్య ఆ పాపను వంటింట్లో కూర్చోబెట్టుకొని, చిక్కుడుకాయలు ఒలుస్తూ నెమ్మదిగా అడిగింది. పాటలు నేర్పే ఆయన డోలకు, తాళములు స్టోరు గదిలో పెట్టాలని తనను ఒక్కదానినే ఆపుతాడని, అక్కడ ఏమి చేస్తాడో పాప చెప్పింది. ఆ మాటలు ఇక్కడ వ్రాయలేము.

పెద్దలను పిలిచాము. ఆయన ఆరాధనలో ముందు వరుసలో కూర్చుండే మనిషి. "అయ్యగారూ, ఇది బయటికి పొక్కితే గుడి పరువు ఏంగాను? రేపు బడికి పిల్లల్ని ఎవరు పంపుతారు?" అన్నాడు ఒక పెద్ద. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "ఆడపిల్లండయ్యా, రేపు పెళ్ళి కావాలి" అన్నది. ప్రార్థన చేశాము. ఆయనను ఇక బడికి రావద్దన్నాము. అంతటితో సరిపెట్టాము.

రెండు నెలలు తిరగకముందే ఆయన పక్క మండలములో పిల్లలకు ట్యూషను పెట్టాడు. ఆ కబురు తెచ్చింది ఆ తల్లే. బడి మెట్ల మీద నిలబడి, "అయ్యగారూ, మన పిల్లలైతే తప్పించుకున్నారు. ఆ ఊరి పిల్లల మాటేంటండి?" అని అడిగింది. వేలిముద్ర వేసే మనిషి. ఆమెకు చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు.

సమూయేలు రెండవ గ్రంథము 13వ అధ్యాయములో తామారు సంగతి మీరు చదివే ఉంటారు. అన్న అబ్షాలోము ఆమెను ఊరుకొమ్మన్నాడు. తండ్రి దావీదుకు కోపము వచ్చింది గాని ఏమియు చేయలేదు. రెండేండ్ల తరువాత ఆ కుటుంబములో రక్తము పారింది. ఆ అధ్యాయము మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము, అమ్నోను పాపమును గూర్చి. దావీదు ఊరకుండుటను గూర్చి ఒక్కసారి చెప్పిన జ్ఞాపకము కూడ లేదు.

మేము చేసినది చట్టము దృష్టిలో కూడ నేరమే. 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము, 18 ఏండ్లలోపు పిల్లలపై లైంగిక నేరము జరిగిందని తెలిసినవారు ఎవరైనను పోలీసులకు తెలియజేయవలెను. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండును. తన క్రింద పనిచేసేవాని నేరమును తెలిసి కూడ చెప్పని సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా. "మాలో మేమే పరిష్కరించుకున్నాము" అంటే చెల్లదు. మంచి మనస్సుతో కబురు చెప్పినవారిపై మాత్రము ఏ కేసూ ఉండదు.

చివరకు 1098కి ఫోను చేశాము. పిల్లల కొరకు 1996లో ముంబాయిలో మొదలైన సేవ ఇది. ఫోనుకు డబ్బు పడదు, రాత్రి పగలు పలుకుతారు. పోలీసు జీపు వచ్చి పాప ఇంటి ముందు ఆగుతుందని మా భయము. అట్లు జరగలేదు. మహిళా ఎస్.ఐ. యూనిఫారము లేకుండా చీరలో వచ్చి, పాప ఇంట్లోనే, తల్లి ప్రక్కనుండగా మాట్లాడి వ్రాసుకున్నది. చట్టము కోరేది అదే. పిల్లలను రాత్రిపూట స్టేషనులో ఉంచరాదు. ముద్దాయి ఎదుట పడనీయరాదు. ఆడపిల్లకు వైద్య పరీక్ష లేడీ డాక్టరే చేయాలి. పేరు, ఇల్లు, బడి పత్రికలలో రారాదు. ఆ తల్లి పెళ్ళి భయమునకు జవాబు చట్టములోనే ఉన్నది, మేమే చదవలేదు. రెండు నెలలు ఎందుకు ఊరకున్నారని మమ్మును అడిగారు. తల వంచుకొని ఉన్నది చెప్పాము.

మన సంఘములలో ఇటువంటివి ఉండవు అనే వారున్నారు. మేమూ అట్లే అనుకున్నాము. 2007లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన, 13 రాష్ట్రములలో జరిగిన అధ్యయనములో 53 శాతము పిల్లలు ఏదో ఒక లైంగిక వేధింపును చవిచూశామని చెప్పారు. ఎక్కువగా ఉన్న నాలుగు రాష్ట్రములలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవారిలో సగము మంది పిల్లలకు తెలిసినవారు, పిల్లలు నమ్మినవారు. మగపిల్లలు కూడ ఇంచుమించు అంతే మంది ఉన్నారు. ఎక్కువ మంది ఎవరితోను చెప్పుకోలేదు.

తల్లులారా, తండ్రులారా, బిడ్డ చెప్పినప్పుడు నమ్మండి. "నీవెందుకు వెళ్ళావు" అనవద్దు. పదిమందిని పిలిచి మరల మరల చెప్పించవద్దు. ఎవరికీ చెప్పనని బిడ్డకు మాట ఇవ్వవద్దు, చెప్పవలసి వస్తుంది గనుక. అప్పుడే జరిగినదైతే ఒళ్ళు కడగక, బట్టలు ఉతకక ఆసుపత్రికి తీసికొని వెళ్ళండి.

ఆ బడిలో స్టోరు గది తలుపు పీకించి కటకటాల తలుపు పెట్టించాము. పాటల తరగతిని వరండాలోనికి మార్చాము. ఏ పిల్లనైనను, పిల్లవానినైనను ఒంటరిగా ఎవరూ ఆపరాదని వ్రాసి అందరి చేత సంతకము చేయించాము, మొదటి సంతకము మాదే. బెత్తము కూడ అప్పుడే పోయింది. పిల్లలను కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినా మా బల్ల మీద అది ఉండేది. కొట్టే మాస్టరుకు పిల్ల ఏమి చెప్పుకుంటుంది?

ముందు గోడ మీద 1098 అని నీలి రంగుతో, పిల్లల కంటికి అందే ఎత్తున వ్రాయించాము. మేము బదిలీ అయి వచ్చేనాటికి ఒకటో తరగతి పిల్లలు ఆ అంకెల మీదనే వేలు పెట్టి దిద్దుకుంటున్నారు.